నోరు ఎండిపోవడం, ట్యూబులో నీళ్లు చేరడం: కొత్త మాస్కు కొనే ముందు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అనంతపురంలో ఉంటున్న మీ నాన్నగారికి 62 ఏళ్లు. స్లీప్ టెస్టులో గంటకు 38 సార్లు ఊపిరి ఆగడమో తగ్గడమో జరుగుతోందని తేలింది. నాలుగు వారాలుగా సీపాప్ మిషన్ వాడుతున్నారు, అంటే నిద్రలో ఊపిరి దారి మూసుకుపోకుండా ట్యూబు, మాస్కు ద్వారా ముక్కులోకి ఒత్తిడితో గాలి ఊదే మిషన్. దాని ప్రెషర్ 11. మొదటి వారంలోనే పొద్దున లేచేసరికి నోరు, ముక్కు ఎండిపోతున్నాయని, మిషన్ గాలికి పట్టించే తేమ అంకెను 4 నుంచి 8కి పెంచారు. ఎండలు ముదిరి ఏసీ వేయడం మొదలుపెట్టాక తెల్లవారుజామున మూడింటికి ట్యూబులో గుడగుడ చప్పుడు, ముక్కులోకి నీటి తుంపర. గాలి పోతోందని పట్టీలు బిగిస్తే ముక్కు దూలం మీద ఎర్రటి గాటు. ఇప్పుడాయన రెండింటికే మాస్కు తీసి పక్కన పెట్టేస్తున్నారు. మిషన్ అమ్మినవాళ్లేమో ముక్కునూ నోటినీ కలిపి మూసే పెద్ద మాస్కు కొనమంటున్నారు. కొనాలా అని మీరు అడిగారు.

ఈ వారం కొనకండి. నిద్రలో ఆయన నోటి నుంచి గాలి బయటికి పోతోందో లేదో ముందు తేల్చండి. మీరు రాసిన మిగతావన్నీ దాని వెనకే వరసగా వచ్చాయని నా అనుమానం.

నేను డాక్టరును కాను. కర్నూలులో ఉంటాను, నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఈ మిషన్ పెట్టుకుని పడుకోవడం ఇది తొమ్మిదో ఏడు. మా కాలనీలో, బంధువుల్లో ఈ మిషన్ తెచ్చుకున్నవాళ్లు మాస్కు సర్దడానికి నన్నే పిలుస్తారు. కాబట్టి మాస్కు, ట్యూబు, నీళ్లు, తేమ గురించి ధైర్యంగా చెబుతాను. ఆ 11 అన్న అంకె మాత్రం డాక్టరుది. దాన్ని మీరూ ముట్టుకోవద్దు, నేనూ ముట్టుకోను. 11 అంటే 11 సెంటీమీటర్ల ఎత్తు నీళ్లు కలిగించే ఒత్తిడి, అంటే ఇంచుమించు మనం నీళ్లు తాగే గ్లాసు ఎత్తు. నీళ్ల లెక్కల్లో బతికినవాడిని గనుక ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. ఇంతోటి గాలికా అందరూ ఇంత భయపడేది అనుకున్నాను. మొదటి రాత్రి పెట్టుకున్నాక ఆ నవ్వు పోయింది.

ముక్కు చేసే పని చూడండి. మనం పీల్చే గాలి ఊపిరితిత్తులకు చేరేలోగా ఒంటి వేడికి, అంటే 37 డిగ్రీలకు, వచ్చి నిండా తేమ పట్టాలి. ఆ తేమలో చాలావరకు ముక్కు లోపలి పొర అప్పుగా ఇస్తుంది. ఊపిరి వదిలేటప్పుడు అదే దారిలో తిరిగి వచ్చే గాలి నుంచి కొంత వసూలు చేసుకుంటుంది. నిద్రలో నోరు తెరుచుకుంటే మిషన్ ఊదే గాలి ముక్కులోంచి వచ్చి నోట్లోంచి వెళ్లిపోతూనే ఉంటుంది. రాత్రంతా ఇవ్వడమే గానీ రాబట్టుకోవడం ఉండదు. రెండు మూడు గంటల్లో ముక్కు పొర ఎండి, వాచి, దారి ఇరుకవుతుంది. ముక్కు బిగిస్తే నోరు ఇంకాస్త తెరుచుకుంటుంది. అప్పుడు మనం చేసే పని తేమ అంకె పెంచడం. అది కొంత ఉపశమనం ఇస్తుంది, కాదనను. నోటి దగ్గర కారుతున్నంతసేపు మాత్రం చిల్లికుండకు నీళ్లు మోసినట్టే.

ఇక మూడు గంటల గుడగుడ. తేమ 8లో ఉంటే మిషన్‌లోని నీళ్ల ట్యాంకు నుంచి వచ్చే గాలి వెచ్చగా, నిండా ఆవిరితో ఉంటుంది. ఏసీ వేసిన గదిలో ఆ సమయానికి గోడలు, మంచం, ట్యూబు అన్నీ చల్లబడి ఉంటాయి. చల్లటి నీళ్లు పోసిన చెంబు బయట చెమర్చినట్టే ట్యూబు లోపల చెమరుస్తుంది. ఆ చుక్కలన్నీ ట్యూబు వంపు తిరిగిన చోట చేరి, గాలి వాటిని దాటుకుని వచ్చేటప్పుడు చప్పుడవుతుంది. మిషన్‌లో లోపమేమీ లేదు. ఏప్రిల్‌లో మీ ఊళ్లో ఫ్యాన్ కింద పడుకున్నన్నాళ్లు ఇది రాలేదు కదా? అప్పటి గాలి వేడి గాలి, పొడి గాలి. అనంతపురం వానలు తక్కువ పడే జిల్లా అని చిన్నప్పటి నుంచి పాఠాల్లో చదువుకున్నదే. ఆ గాలికి సరిపోయే అంకె, ఏసీ గదికి సరిపోదు.

నోటి సంగతి తేల్చడానికి ఖర్చేమీ లేదు, మీరు ఒక రాత్రి మేలుకుంటే చాలు. నా విషయంలో మా ఆవిడ కనిపెట్టింది. నేను మిషన్ తెచ్చిన కొత్తల్లో నోరు ఎండుతోందని రోజూ గోల పెడుతుంటే, ఒకనాటి రాత్రి రెండున్నరకు లేచి, చిన్న టార్చి దిండు వైపు కాకుండా గోడ వైపు తిప్పి వెలిగించి, నా ముఖం మీదికి వంగి చూసిందట. పెదవులు కొద్దిగా తెరుచుకుని, ఒక పక్క నుంచి పుస్సుపుస్సుమని ఊదుతున్నాయి, అన్నం ఉడికేటప్పుడు మూత పక్కన పొంగినట్టు. చేతిని తిరగేసి నా నోటి ముందు పెట్టింది. ఊపిరి తీసేటప్పుడు కూడా గాలి బయటికే తగిలింది. అదే గుర్తు. ఊపిరి వదిలేటప్పుడు నోటి దగ్గర గాలి తగిలితే ఆశ్చర్యమేమీ లేదు, తీసుకునేటప్పుడు కూడా తగిలితే నోరు కారుతోందన్నమాటే. అరచేతి కంటే చేతి వెనక వైపు చర్మానికి గాలి బాగా తెలుస్తుంది. చేత్తో ముఖాన్ని తాకకండి, ఆయన లేస్తే ఆ రాత్రికి పరీక్ష అయిపోయినట్టే.

మిషన్ కూడా ఈ లెక్క రాసి పెడుతుంది. నా మిషన్‌లో గాలి లీకు నిమిషానికి 24 లీటర్లు దాటితే ఎక్కువ లీకు కింద లెక్క, పొద్దున తెర మీద మాస్కు సరిగా లేదని గుర్తు చూపిస్తుంది. అయితే అది మాస్కు అంచునా నోటా అన్నది తెర చెప్పదు. అందుకే టార్చి. మరో మాట: మాస్కు ముందు భాగంలో చిన్న చిన్న రంధ్రాల్లోంచి ఎప్పుడూ గాలి వస్తూనే ఉంటుంది. అది లీకు కాదు, మనం వదిలిన చెడు గాలి బయటికి పోయే దారి. చప్పుడవుతోందని దాని మీద టేపు అంటించిన మహానుభావుడిని నేను చూశాను. ఎప్పుడూ అలా చేయకండి.

నోరు ఎందుకు తెరుచుకుంటోంది అన్నది తర్వాతి ప్రశ్న. పగలు ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, మిషన్ పెట్టి, నోరు మూసుకుని అరగంట టీవీ చూడమనండి. హాయిగా కూర్చుంటే ముక్కు దారి బాగానే ఉందని అర్థం. పది నిమిషాలకే నోరు తెరవాలనిపిస్తే ముక్కు బిగుసుకుపోతోంది. అలర్జీయో, ముక్కులో అడ్డుగోడ వంకరో ఉండవచ్చు. ఈఎన్‌టీ డాక్టరు చూడవలసింది అప్పుడు. పెద్ద మాస్కు కంటే ముందు చేయవలసిన ఖర్చు కూడా అదే. మందుల షాపులో అడగ్గానే ఇచ్చే, వేసిన నిమిషంలో ముక్కు తెరిచే చుక్కలు ఉంటాయి చూడండి, వాటిని మూడు నాలుగు రోజులు మించి వాడనివ్వకండి. వాడుతూ పోతే మందు దిగగానే ముక్కు మునుపటి కంటే గట్టిగా బిగుస్తుంది, చివరికి ఆ సీసా లేనిదే నిద్ర పట్టని స్థితి వస్తుంది. ఉప్పునీటి స్ప్రేకు ఆ బాధ లేదు. పడుకునే ముందు రెండు వైపులా కొట్టుకుంటే చాలామందికి సుఖంగా ఉంటుంది. ముక్కు కడుక్కునే అలవాటు ఉంటే మాత్రం కాచి చల్లార్చిన నీళ్లతోనే కడుక్కోవాలి, కొళాయి నీళ్లతో వద్దు.

దిండు కూడా చూడండి. రెండు దిండ్లు ఎత్తుగా పెట్టుకుంటే గడ్డం ఛాతీ వైపు వంగి గొంతు మడత పడుతుంది. పక్కకు తిరిగి పడుకుంటే కొందరికి నోరు తెరుచుకోవడం తగ్గుతుంది. గడ్డం పట్టీ అని అమ్ముతారు, పదిమందిలో ఎందరికి పనికొస్తుందో చెప్పలేను గానీ నాకు పనికొచ్చింది, మా తమ్ముడికి పనికిరాలేదు. నోటికి టేపు అంటించడం అని వీడియోల్లో చూపిస్తున్నారు. 62 ఏళ్ల మనిషికి రాత్రివేళ వాంతి వచ్చినా, ముక్కు పూర్తిగా బిగుసుకున్నా ఏమవుతుందో ఊహించుకోండి. డాక్టరును అడగకుండా ఆ పని వద్దు.

ఇంకొకటి, నోరు ఎండడానికి మిషనే కారణం కానక్కర్లేదు. షుగరు అదుపులో లేకపోయినా, అలర్జీ మాత్రలు, కొన్ని బీపీ మాత్రలు వాడుతున్నా నోరు ఎండుతుంది. ఆయన మాత్రల చీటీ ఒకసారి డాక్టరుకు చూపించి అడగండి.

ఇవన్నీ చూశాక కూడా నోరు మూసుకోకపోతే పెద్ద మాస్కు తప్పదు, కొందరికి అదే సరైనది. కానీ మొదటే దాని దగ్గరికి పరుగెత్తడం నాకు నచ్చదు. అది ముఖం మీద ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అంచు పొడవు ఎక్కువ గనుక కారే చోట్లూ ఎక్కువే. ముక్కు మాస్కుతో సరిపోయిన ప్రెషర్ దానితో సరిపోక పెంచవలసి వచ్చేవాళ్లూ ఉన్నారు. చిన్న మాస్కు పెట్టుకునేవాళ్లే ఎక్కువ గంటలు వాడుతున్నారన్నది నిద్ర డాక్టర్లు తరచూ చెప్పే మాట.

ఇప్పుడు పట్టీలు. ఇక్కడే మీరు ఎక్కువ పొరపాటు చేస్తున్నారు, అందరూ చేసేదే. కొళాయి కారుతుంటే ఇంకా బిగిస్తాం, వాషరు నలిగిపోయి ఇంకా కారుతుంది. మాస్కు అంచున ఉండే పలుచని సిలికాన్ పొర గాలితో ఉబ్బి ముఖానికి ఆనుకునేలా చేసింది. ఎక్కువ బిగిస్తే అది ఉబ్బలేక మడత పడుతుంది, ఆ మడతలోంచే గాలి కళ్లలోకి కొడుతుంది.

ఇలా చేయండి. ఆయన్ను మంచం మీద, రోజూ పడుకునే తీరులోనే పడుకోబెట్టండి. కూర్చోబెట్టి సర్దిన మాస్కు పడుకోగానే కదిలిపోతుంది, ఎందుకంటే బుగ్గలు వెనక్కి జారి ముఖం ఆకారమే మారుతుంది. మిషన్ వేసి ప్రెషర్ పూర్తిగా వచ్చేదాకా ఆగండి. చాలా మిషన్లలో మాస్కు సర్దుకోవడానికని కాసేపు అసలు ప్రెషర్‌తో ఊదే ఏర్పాటు ఉంటుంది, అది వాడండి. పట్టీలు నాలుగూ వదులు చేయండి. మాస్కును రెండు వేళ్లతో పట్టుకుని ముఖం నుంచి అర అంగుళం ముందుకు లాగి వదలండి. అంచు బూరలా ఉబ్బి, తన చోటు తానే వెతుక్కుని కూర్చుంటుంది. అప్పుడు కింది పట్టీలు రెండూ సమంగా, కొంచెం కొంచెంగా లాగండి. తర్వాత పైవి. చప్పుడు ఆగిన చోట మీరూ ఆగిపోండి. పట్టీ కింద వేలు సులువుగా దూరాలి. ఆపై ఆయన్ను పక్కకు తిరగమనండి. అప్పుడు కారితే ఇంకొక్క పిసరు సర్దండి, అంతే.

మా పక్కింటాయన విషయంలో ఇదంతా చేసినా కుదరలేదు. తీరా చూస్తే ఆయనకు అమ్మిన మాస్కు ఒక సైజు పెద్దది. కాబట్టి పైన చెప్పినట్టు సర్దినా దూలం దగ్గర కారుతుంటే సైజు అనుమానించండి. ముక్కు వెడల్పును కొలిచే కాగితపు అచ్చు మాస్కు తయారీదార్లే ఇస్తారు, అమ్మినవాళ్లను అడిగి తీసుకోండి.

మీ నాన్నగారికి మీసం ఉందా? మీరు రాయలేదు. ముక్కు మాస్కు కింది అంచు పై పెదవి మీద ఆనుతుంది, దట్టమైన మీసం ఉంటే దానిలోంచి గాలి పిల్లకాలువలా పారుతుంది. సీమ మనిషిని మీసం తీయమని చెప్పే సాహసం నేను చేయను, నాది కూడా ఉంది. నేను ముక్కు రంధ్రాల కిందనే ఆనే చిన్న మెత్తల మాస్కుకు మారాను. దానికి మీసంతో పేచీ తక్కువ, దూలం మీద బరువే ఉండదు. మీరు ఎలాగూ కొత్త మాస్కు కొనాలనుకుంటే ముందు దాన్ని పెట్టి చూడండి. 11 ప్రెషర్ దగ్గర అది చాలామందికి నిలుస్తుంది. ఆడవాళ్లకైతే ముక్కుపుడక ఇదే చిక్కు తెస్తుంది. మా వదినగారు పడుకునేటప్పుడు పుడక తీయనని పట్టుబట్టి, చివరికి లోపలికి ఒదిగే చిన్న పుడకకు ఒప్పుకున్నారు.

తలకు నూనె రాసుకుని పడుకునే అలవాటు ఉంటే అది పగటికి మార్చండి. నూనెకు పట్టీలు జారుతాయి, సిలికాన్ జిగురు పట్టి సాగుతుంది. ముక్కు కింద బామ్, పెట్రోలియం జెల్లీ లాంటివి కూడా వద్దు. పడుకునే ముందు సబ్బుతో ముఖం కడుక్కుని తుడుచుకోవడం ఒక్కటే నేను చేసే అలంకారం.

ముక్కు దూలం మీది గాటు ఎర్రగా మాత్రమే ఉండి, లేచిన అరగంటలో పోతుంటే పట్టీలు వదులు చేస్తే సరిపోతుంది. పగలంతా పోకుండా ఉంటే, చర్మం చిట్లితే, ఆ చోట మాస్కు పెట్టకండి. పుండు మీద పెట్టి బిగించడం మొండితనం. దూలం తాకని మాస్కుకు మారడమో, డాక్టరు చెప్పిన పలుచని పట్టీ అంటించుకోవడమో చేయాలి. మెత్తటి నూలు గుడ్డ తొడుగులు మాస్కు అంచుకు వేసుకునేవాళ్లున్నారు. మా ఆవిడ పాత పంచె కత్తిరించి నాకొకటి కుట్టింది. చెమట పీల్చింది, నిజమే, కానీ గాలి కూడా వదిలింది. రెండు రాత్రులకే తీసేశాను.

మాస్కులో అయస్కాంతపు బిళ్లలు ఉంటే, ఆయనకు గానీ పక్కన పడుకునే మీ అమ్మగారికి గానీ పేస్‌మేకరు లాంటిది ఒంట్లో అమర్చి ఉంటే, కొనే ముందే డాక్టరుకు చెప్పండి. ఈ సంగతి అమ్మేవాళ్లు చెప్పకపోవచ్చు.

తేమ సంగతికి వద్దాం. అంకెను 8 నుంచి 4కు దించండి. మీ ట్యూబు లోపల వేడి తీగ ఉన్నదైతే దాని వేడిని 27 డిగ్రీల దగ్గర పెట్టి మొదలుపెట్టండి. నీళ్లు చేరితే ముందు ట్యూబు వేడిని ఒక్కో డిగ్రీ పెంచండి, అప్పటికీ చేరితే తేమ ఒక అంకె తగ్గించండి. రెండూ ఒకే రాత్రి మార్చకండి, ఏది పనిచేసిందో తెలియదు. ఒక్కో మార్పుకు మూడు రాత్రులు ఇవ్వండి. మామూలు ట్యూబు అయితే పాత నూలు చీర ముక్కతో దానికి గొట్టంలా తొడుగు కుట్టించండి. లేదంటే దుప్పటి కిందుగా పోనివ్వండి. ఏసీ గాలి నేరుగా ట్యూబుకు, మిషన్‌కు తగలకూడదు. ఏసీని 22లో పెట్టి రగ్గు కప్పుకునే అలవాటు మీ ఇంట్లో ఉంటే, 26కు మార్చడమొక్కటే సగం పని చేస్తుంది, కరెంటు బిల్లు కూడా మిగులుతుంది.

మిషన్ ఎక్కడ పెట్టారు? మంచం పక్కన ఎత్తు టేబుల్ మీదనా? దాన్ని మంచం కంటే కిందికి, చిన్న స్టూలు మీదికి దించండి. నీరు పల్లమెరుగు. ట్యూబులో చెమరించిన నీళ్లు ముక్కులోకి రాకుండా వెనక్కి ట్యాంకులోకే జారతాయి. నేలమీద మాత్రం పెట్టకండి, దుమ్మంతా అది పీల్చుకుంటుంది. ట్యూబును మంచం తలవైపు ఒక మేకుకు మెత్తటి గుడ్డతో వదులుగా కట్టి పైనుంచి దించితే, పక్కకు తిరిగినప్పుడు మాస్కును లాగదు.

కూలరు వాడే ఇళ్లలో వేరే కథ. కూలరు గాలిలో అప్పటికే తేమ ఉంటుంది గనుక 2 లేదా 3 చాలు. మళ్లీ డిసెంబరులో తెల్లవారుజాము చలికి అంకెలు మార్చుకోవాలి. నేను ఏడాదికి మూడుసార్లు మారుస్తాను, ఉగాదికి, తొలకరికి, దీపావళికి.

నీళ్ల గురించి నా చాదస్తం మీరు భరించాలి. ట్యాంకులో డిస్టిల్డ్ వాటరే పోయండి. మన జిల్లాల్లో బోరు నీళ్ల సంగతి మీకు నేను చెప్పాలా, గిన్నె అడుగున కట్టే తెల్లపొర చూస్తే తెలుస్తుంది. తాగే నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలన్నది మన దేశ ప్రమాణం. వేరే దిక్కులేని చోట 2000 దాకా ఒప్పుకుంటారు. ఆ లవణాలు ఆవిరితో పైకి రావు, ట్యాంకు అడుగునే మిగిలి పొలుసు కడతాయి. ట్యాంకు కింద ఉండే వేడి పలక ఆ పొలుసును దాటి నీళ్లను వేడి చేయలేక తేమ తగ్గుతుంది, అప్పుడు మళ్లీ అంకె పెంచుతాం. క్యాను నీళ్లు బోరు కంటే మేలే గానీ వాటిలోనూ కొంత మిగులుతుంది. డిస్టిల్డ్ వాటర్ అయిపోయిన రాత్రి కాచి చల్లార్చిన నీళ్లతో గడపవచ్చు, దాన్ని అలవాటు చేసుకోకండి. ఇన్వర్టరు బ్యాటరీలో పోసే నీళ్లు కూడా డిస్టిల్డే కదా అని మా బంధువు ఒకాయన అవే పోశాడు. ఆ నీళ్లు బ్యాటరీ కోసం తయారైనవి, మనిషి ఊపిరి కోసం నింపినవి కావు. మందుల షాపులోనో మిషన్ సామగ్రి అమ్మే చోటనో అడిగి తెచ్చుకోండి.

పొద్దున మిగిలిన నీళ్లు పారబోసి, ట్యాంకు కడిగి ఆరబెట్టండి. పాత నీళ్ల మీద కొత్త నీళ్లు పోయవద్దు. పొలుసు కట్టి ఉంటే ఒక వంతు వెనిగర్, తొమ్మిది వంతుల నీళ్లు కలిపి పది నిమిషాలు నానబెట్టి బాగా కడిగితే పోతుంది. మాస్కు మెత్తను రోజూ గోరువెచ్చని నీళ్లలో పిల్లల సబ్బుతో కడగాలి. డెట్టాల్, బ్లీచింగ్, స్పిరిట్ వద్దు. ఓజోన్‌తో శుభ్రం చేస్తాయని అమ్మే పెట్టెలు కొనవద్దు, వాటి విషయంలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2020లోనే హెచ్చరించింది. ఎండలో కూడా ఆరబెట్టకండి. మొదటి ఏడు నేను అన్నీ మేడమీద కర్నూలు ఏప్రిల్ ఎండలో ఆరేశాను, వడియాలతో పాటు. నెల తిరగకుండా మాస్కు చట్రం పసుపెక్కి పెళుసుబారింది. నీడలో, గాలి తగిలే చోట చాలు. గాలి ఫిల్టరు ఒకసారి తీసి చూడండి. బూడిదరంగులో ఉంటే కడగడానికి ప్రయత్నించకుండా కొత్తది వేయండి. మన వైపు దుమ్ముకు, రాళ్ల పాలిష్ యూనిట్ల దగ్గర ఇళ్లకైతే మరీ, పుస్తకంలో రాసిన గడువు దాకా అది ఆగదు.

ట్యాంకులో నీళ్లుండగా మిషన్‌ను ఎత్తి పక్కకు వంచకండి. నీళ్లు మోటారులోకి పోతే బాగుచేయించడానికి మీరు తిరిగే తిరుగుడు నేను చెప్పలేను.

కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు మీద నడపాలంటే తేమ, ట్యూబు వేడి ఆపేయండి, ఎక్కువ కరెంటు తినేవి అవే. ఒక రాత్రి పొడిగా గడిస్తే కొంప మునగదు.

రెండింటికి మాస్కు తీసేసిన మనిషిని మళ్లీ దారికి తేవడం అసలు కష్టం. ఊపిరి ఆగడం, తగ్గడం గంటకు 30 దాటితే తీవ్రమైన స్థాయి, ఆయనది 38. కాబట్టి మానేయడమన్న మాట లేదు, ఆ సంగతి ఆయనకు డాక్టరు నోటితో చెప్పించండి, కొడుకు చెబితే తండ్రి వినడు. పగలు పేపరు చదివేటప్పుడు గంటసేపు పెట్టుకోమనండి. ప్రెషర్ తక్కువలో మొదలై మెల్లగా ఎక్కే ఏర్పాటు మిషన్‌లో ఉంటే అది వేయండి. రాత్రి మెలకువ వచ్చి విసుగొస్తే మాస్కు పీకి పారేయకుండా, మిషన్ ఆపి, ముఖం తుడుచుకుని, మళ్లీ వేసుకోమనండి, అప్పుడు ప్రెషర్ మళ్లీ కింద నుంచి మొదలవుతుంది. 1981లో ఆస్ట్రేలియా డాక్టరు కాలిన్ సలివన్ ఈ వైద్యం గురించి మొదటిసారి ప్రకటించినప్పుడు రోగులు ఐదుగురే. తొలినాళ్లలో కొందరికి మాస్కును రాత్రి రాత్రికీ ముఖానికి జిగురుతో అంటించేవారు. ఈ కథ చెబితే మా తమ్ముడు పట్టీల మీద ఫిర్యాదు ఆపేశాడు. మీ నాన్నగారి మీద కూడా ప్రయోగించి చూడండి.

ముక్కులోంచి రక్తం పదేపదే వస్తున్నా, కళ్లు ఎర్రబడి తగ్గకపోయినా, చెవినొప్పి, జ్వరం, ముఖం నొప్పి ఉన్నా, పొద్దున కడుపు గాలితో డోలులా ఉబ్బుతున్నా, నా మాటలు పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లండి. శుక్లాల ఆపరేషన్ దగ్గరలో ఉంటే కళ్లలోకి గాలి పోకుండా ఎలా చూసుకోవాలో కూడా అడగండి.

తిరిగి రాసేటప్పుడు రెండు సంగతులు చెప్పండి. ఆయనకు కట్టుడు పళ్లు ఉన్నాయా, ఉంటే రాత్రి తీసేస్తున్నారా? పళ్లు తీస్తే పెదవులు, బుగ్గలు లోపలికి పోయి మాస్కు కొలతే మారుతుంది. పళ్లతో సర్దిన మాస్కు పళ్లు లేకుండా నిలవదు. రెండోది, ట్యాంకును పై గీత దాకా నింపి, పొద్దున ఎంత మిగిలిందో వరసగా నాలుగు రోజులు చూసి రాయండి. తేమ 4లో పెట్టినా తెల్లారేసరికి అడుగంటుతోందంటే గాలి చాలానే ఎక్కడికో పోతోంది, అప్పుడు టార్చి పట్టుకుని ఇంకో రాత్రి మేలుకోవాల్సిందే.